దోమ రెక్కల లెక్క ఎవరు రాస్తున్నరు?

వరి ఈనే టైముకు పొలం నడిమిట్ల ఒక్కకాడ గుండ్రంగ పసుపు పడుతది. రెండు మూడు రోజులకు అది గోధుమ రంగుకు తిరుగుతది. వారం గడిస్తే నిప్పు పెట్టినట్టు మాడిపోతది. సుడి తిరిగినట్టు మాడుతది కాబట్టే దీన్ని సుడిదోమ అన్నరు. మన దిక్కు దోమపోటు అంటరు. మొదట్ల గట్టు మీద నిలబడి చూస్తే అంతా పచ్చగనే కొడుతది. దిగి, వంగి, కర్రను పక్కకు జరిపి మొదలు చూస్తేనే అసలు సంగతి తెలుస్తది. నీళ్లకు జానెడు పైన గుంపులు గుంపులుగ కూసోని రసం పీలుస్తుంటయి.

ఈ మధ్య మూడు వార్తలు వచ్చినయి. 2023 డిసెంబర్ల అమెరికా ప్రభుత్వం ఆలుగడ్డ పంట మీద కొట్టే ఒక కొత్త తీరు పురుగుమందుకు పర్మిషన్ ఇచ్చింది. 2024 వానకాలం నుంచి మన తెలంగాణల సన్నవడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ మొదలైంది. అదే ఏడాది అక్టోబర్ల ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలకు చిన్న ఆర్ఎన్ఏ ముక్కలను కనిపెట్టినందుకు నోబెల్ ఇచ్చిన్రు. ఒకదానికొకటి ఏం సంబంధం అంటరా? మూడూ తిరిగి తిరిగి సుడిదోమ కాడనే కలుస్తయి. ఎట్లనో జర ఓపికగ సదవండి.

ఒకే పురుగు, రెండు రూపాలు

సుడిదోమల ఒక విచిత్రం ఉన్నది. ఒకే తల్లి పిల్లలల్ల కొన్నిటికి పొడుగు రెక్కలు వస్తయి, కొన్నిటికి పొట్టి రెక్కలే ఉంటయి. పొడుగు రెక్కలది ఎగిరిపోతది, గాలి తోడైతే వందల కిలోమీటర్లు పోతది. చైనా దక్షిణం నుంచి సముద్రం దాటి జపాన్ దాకా పోతదని ఎప్పుడో లెక్కతేల్చిన్రు. పొట్టి రెక్కలది ఎగరలేదు. కానీ ఆ బలమంతా గుడ్లు పెట్టుడు మీద పెడుతది. తొందరగ మొదలువెడుతది, ఎక్కువ పెడుతది.

అంటే పొలంల జరిగేది ఇది. నాటు వేసినంక కొన్ని పొడుగు రెక్కలవి ఎక్కడికెళ్లో వచ్చి దిగుతయి. లేత వరి, మస్తు తిండి. వాటి పిల్లలల్ల పొట్టి రెక్కలవి ఎక్కువైతయి. అవి కూసున్న కాడనే సంతానం పెంచుతయి. ఒక తరానికి నెల కూడ పట్టది. పంట ముదిరి, పురుగు గుంపు ఎక్కువై, రసం తగ్గేసరికి మళ్ల పొడుగు రెక్కలవి పుడుతయి. అవి లేసి పక్కోని పొలంల పడుతయి.

మరి పుట్టే పిల్లకు "నీకు ఏ రెక్క" అని చెప్పేది ఎవరు? విత్తనం ఒక్కటే, జన్యువులు అవే. మనకు తెలిసిన లెక్క ప్రకారం ఒకే జన్యువులుంటే ఒకే తీరు పుట్టాలె. ఇక్కడ అట్ల లేదు. ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంట పోతే నోబెల్ కాడికి చేరుతం.

22 అక్షరాల ముక్క

జన్యువు అంటే ఒక ఆర్డర్ పుస్తకం అనుకోండి. అండ్ల ఉన్నదాన్ని నకలు తీసి కార్ఖానకు పంపేది ఆర్ఎన్ఏ. ఆ నకలు చూసి కణం ప్రోటీన్ తయారుచేస్తది. స్కూల్ పుస్తకంల మనకు ఇంతవరకే చెప్పిన్రు.

1993ల విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ అనే ఇద్దరు, మిల్లీమీటరంత ఉండే ఒక గుండ్రటి పురుగు మీద పనిచేసుకుంట ఒక వింత చూసిన్రు. ఆ పురుగుల ఒక చిన్న ఆర్ఎన్ఏ ముక్క ఉన్నది. దాని పొడుగు 22 అక్షరాలే. దాని నుంచి ఏ ప్రోటీనూ తయారుకాదు. అది చేసే పని ఒక్కటే: ఇంకో పెద్ద ఆర్ఎన్ఏ నకలును వట్టుకొని, దాని పని ఆపుడు. ఆ ముక్క చెడిపోతే పురుగు పెద్దగ కాకుంట చిన్నప్పటి దశలనే మళ్ల మళ్ల తిరుగుతది. అంటే ఆ ముక్క పని, పురుగుకు "నీ చిన్నతనం అయిపోయింది, ముందుకు నడువు" అని చెప్పుడు. దీన్నే మైక్రో ఆర్ఎన్ఏ అంటున్నరు.

మొదట్ల ఇది ఆ ఒక్క పురుగు ముచ్చటే అనుకొని ఎవరూ పెద్దగ పట్టించుకోలె. 2000ల రవ్‌కున్ బృందమే ఇంకో ముక్కను పట్టుకున్నది. అది ఈగలల్ల, చేపలల్ల, మనుషులల్ల కూడ ఉన్నదని తేలినంక లోకం లేసి కూసున్నది.

పంట పురుగులకు దీంతోని ఏం పని? చాన పని ఉన్నది. 2009ల బార్సిలోనా శాస్త్రవేత్తలు ఇండ్లల్ల తిరిగే చిన్న బొద్దింక మీద పరీక్ష చేసిన్రు. మైక్రో ఆర్ఎన్ఏలను కోసి తయారుచేసే ఒక ఎంజైమ్‌ను, ఆఖరి పిల్ల దశల అణగదొక్కిన్రు. ఆ పిల్ల పొర విడిచింది గాని పెద్ద బొద్దింక కాలె. ఇంకో పెద్ద సైజు పిల్లనే అయింది. చిన్నతనాన్ని పట్టి ఉంచే ఒక జన్యువు నకళ్లను తుడిచేయాల్సిన మైక్రో ఆర్ఎన్ఏ లేకపోయేసరికి ఆ చిన్నతనం పోలేదని 2015ల అదే బృందం తేల్చింది. సుడిదోమ కూడ బొద్దింక లెక్కనే. సీతాకోకచిలుక తీరు గూడు కట్టే దశ దీనికి లేదు. ఐదు పిల్ల దశలు దాటి, పొర విడుసుకుంట నేరుగ పెద్దదయితది.

రెక్కల కాడ చిన్న ముక్క

సుడిదోమ మీద ఎక్కువ పని చైనాల జరిగింది. వాళ్లకు ఇది తిండి సమస్య. 2015ల అక్కడి శాస్త్రవేత్తలు దీని రెక్కల మీటను పట్టుకున్నరు. మన ఒంట్ల ఇన్సులిన్ ఉన్నట్టే పురుగు ఒంట్ల కూడ ఆ తీరు పదార్థం ఉంటది. దాన్ని అందుకునే గ్రాహకాలు సుడిదోమల రెండు రకాలు. ఒకటో గ్రాహకం పనిచేస్తే పొడుగు రెక్క, రెండోది దాన్ని అడ్డుకుంటే పొట్టి రెక్క.

2019ల ఇంకో చైనా బృందం ఒక అడుగు ముందుకు పోయింది. మిర్-34 అనే ఒక మైక్రో ఆర్ఎన్ఏ ఆ ఒకటో గ్రాహకం నకలును వట్టుకొని ఆపుతదని చూపించింది. ఐదో దశ పిల్లలకు ఈ మిర్-34ను సూదితోని ఎక్కువ ఎక్కిస్తే పొట్టి రెక్కలవి ఎక్కువైనయి. దాన్ని అడ్డుకునే మందు ఎక్కిస్తే పొడుగు రెక్కలవి ఎక్కువైనయి. పురుగు పెరుగుడును నడిపే హార్మోన్లతోని కూడ దీనికి లంకె ఉన్నదని చెప్పిన్రు.

నడుమ 2018ల ఇంకో సంగతి బయటపడ్డది. నన్నడిగితే రైతుకు ఇదే ముఖ్యం. వరి ముదురుతుంటే కర్రల గ్లూకోజ్ పెరుగుతది. ఆ గ్లూకోజే దోమను పొడుగు రెక్కల దిక్కు తిప్పుతది. అంటే దోమ పంటను సదువుతున్నది. లేతగ ఉన్నదా, ముదిరిందా, ఇంక ఎన్ని రోజులు తిండి దొరుకుతది, ఇవన్నీ రసంల సదివి, దాని ప్రకారం రెక్కల లెక్క రాసుకుంటున్నది.

నా వాదన ఇక్కడికెళ్లే మొదలైతది. దోమ సదివే ఆ పుస్తకం రాసేది మనమే. ఎప్పుడు నాటు వేసినం, ఎంత దగ్గర వేసినం, ఎంత యూరియా చల్లినం, నీళ్లు ఎన్ని రోజులు నిలబెట్టినం, పక్క పొలంల పంట ఏ దశల ఉన్నది, ఇదంతా దాని ఒంట్ల లెక్కలోకి పోతది.

ఇది మందు డబ్బాల వస్తదా?

ఈ విజ్ఞానం ఎప్పుడు దుకాణానికి వస్తది అని అడిగే తమ్ముళ్లు ఉంటరు. ఒక దిక్కు ఇప్పటికే వచ్చింది.

1998ల ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో రెండు పేటల ఆర్ఎన్ఏను ఒంట్లకు పంపి, కావాల్సిన జన్యువు నోరు మూయించొచ్చని చూపించిన్రు. వాళ్లకు 2006ల నోబెల్ వచ్చింది. ఒంట్ల పడ్డ ఆ పొడుగు ఆర్ఎన్ఏను కణమే చిన్న ముక్కలుగ కోసుకుంటది. ఆ ముక్కలు సరిపోయే నకలును వెతికి నరుకుతయి. మైక్రో ఆర్ఎన్ఏ పురుగు సొంతంగ తయారుచేసుకునేది, ఇది మనం బయటికెళ్లి పంపేది. దగ్గరి చుట్టాలే గాని ఒకటి కాదు.

దీన్ని వాడి అమెరికాల మక్క వేరును తినే పురుగుకు ఒక మక్క విత్తనం తెచ్చిన్రు. అక్కడి సర్కారు 2017ల ఒప్పుకున్నది, 2022ల అమ్మకానికి వచ్చింది. మొక్కే ఆర్ఎన్ఏను తయారుచేస్తది, పురుగు తిని చస్తది. ఆలుగడ్డ ఆకు తినే పెంకు పురుగుకు లెడ్‌ప్రోనా అనే ఆర్ఎన్ఏ మందు వచ్చింది. ఇది పిచికారి చేసేది, మొక్క జన్యువులు ముట్టుకోదు. 2023 డిసెంబర్ల పర్మిషన్ వచ్చింది దీనికే.

మంచి గుణం ఏందంటే, అక్షరాలు సరిపోయిన పురుగు మీదనే పనిచేసేటట్టు తయారుచేయొచ్చు. సాలెపురుగును, తేనెటీగను విడిచిపెట్టేటట్టు అక్షరాలు ఎంచుకోవచ్చు. ఇప్పుడు మనం కొట్టే మందులల్ల చానవాటికి గా తెలివి లేదు.

కానీ సంబురపడే ముందు మూడు సంగతులు యాదికి పెట్టుకోండి. ఒకటి, పెంకు పురుగుల మీద పనిచేసినంత తేలికగ ఇది అన్నిటి మీద పనిచేయది. శనగపచ్చ పురుగు, గులాబీ పురుగు జాతుల కడుపుల ఆర్ఎన్ఏను నమిలేసే ఎంజైములు ఎక్కువ. రెండు, సుడిదోమ ఆకు కొరకది. కర్ర లోపలి గొట్టంల రసం పీలుస్తది. ఆకు మీద కొట్టిన ఆర్ఎన్ఏ ఆ గొట్టంలకు చేరాలె. ల్యాబుల సూదితోని ఎక్కించుడు వేరు, ఎకరం పొలంల చేర్చుడు వేరు. మూడు, పురుగులు దీనికి కూడ అలవాటు పడుతయి. మక్క వేరు పురుగు తట్టుకుంటదని 2018ల, ఆలుగడ్డ పురుగు తట్టుకుంటదని 2021ల ల్యాబులల్లనే తేలింది. మందు పూర్తిగ మార్కెట్లకు రాకముందే!

ఇది మనకు కొత్త పాఠం కాదు. 2002ల బీటీ పత్తి వచ్చింది. గులాబీ పురుగు దాన్ని ఎట్ల మింగేసిందో పత్తి పెట్టిన ప్రతి ఇంటికీ ఎరుకే. వరిలనే చూసుకున్నా, 1973ల ఫిలిప్పీన్స్ పరిశోధన సంస్థ సుడిదోమను తట్టుకునే ఐఆర్-26 ఇస్తే రెండు మూడేండ్లకే కొత్త రకం దోమ లేసి దాన్ని తినేసింది. ఇమిడాక్లోప్రిడ్ వచ్చినప్పుడు ఇగ దోమ పని అయిపోయిందన్నరు. కొన్నేండ్లకే అది పనిచేయకుంట పోయింది. ఒక్క బాణం మీద భరోస పెట్టుకున్న ప్రతిసారి దోమే గెలిచింది.

మందే దోమను పెంచినప్పుడు

1970లల్ల, 80లల్ల ఇండోనేషియాల ఒక కథ నడిచింది. సర్కారు పురుగుమందులకు భారీ సబ్సిడీ ఇచ్చింది. రైతులు షెడ్యూల్ పెట్టుకొని కొట్టిన్రు. దోమ తగ్గాలె కదా? పెరిగింది. ఎందుకంటే దోమ గుడ్లు కర్ర తొడుగుల లోపల ఉంటయి, మందు వాటికి తగలది. పైన తిరిగే సాలెపురుగులు, దోమ గుడ్లను తినే మిరిడ్ నల్లులు మాత్రం మొత్తం చస్తయి. గుడ్లు పగిలి పిల్లలు బయటికి వచ్చేసరికి తినేటోళ్లు ఎవరూ ఉండరు.

1986ల అధ్యక్షుడు సుహార్తో ఒక ఉత్తర్వు తెచ్చిండు. వరి మీద 57 రకాల పురుగుమందులు బంద్. తర్వాత మూడేండ్లల్ల సబ్సిడీ కూడ ఎత్తేసిన్రు. రైతులను పొలంలనే కూసోబెట్టి పురుగులను గుర్తుపట్టుడు నేర్పిన్రు. మందుల వాడకం పడిపోయింది, వడ్ల దిగుబడి మాత్రం పడలేదు. ఆ బడులే తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల "పొలంబడి" పేరుతోని వచ్చినయి. మీ అయ్యనో పెదబాపునో అడగండి, యాదికి ఉండొచ్చు.

సుహార్తో ప్రజాస్వామ్యవాది అని నేను చెప్తలేను. చెప్పేది ఏందంటే, దోమ సమస్య ఎంత పురుగుదో అంత పాలసీది కూడ.

మన దగ్గర ఎవరు ఏం రాస్తున్నరు?

ఇప్పుడు మన ఊర్లకు వద్దాం. నీళ్లు వచ్చినయి, కరెంటు వచ్చింది, వరి పెరిగింది. వానకాలం వరి, యాసంగి వరి. ఒక రైతు కోస్తుంటే పక్కాయన నాటు వేస్తున్నడు. అంటే దోమకు ఏడాది పొడుగూత లేత తిండి ఎక్కడో ఒక్కకాడ ఉన్నది. ముదిరిన పొలంల పొడుగు రెక్కలు తొడుక్కొని లేసి, లేత పొలంల దిగి పొట్టి రెక్కల సంసారం పెట్టుకుంటది. దానికి మనమే రోడ్డు వేసి ఇచ్చినం.

సన్నవడ్ల బోనస్ మంచిదే. రైతుకు పైసలు వస్తుంటే నేనెందుకు కాదంట? కానీ సన్నాలు అన్నీ ఒక్కతీరు కావు. సాంబమసూరి తినడానికి ఎంత మంచిదో దోమకు అంత లోకువ. దోమను కొంత తట్టుకునే ఎంటీయూ-1010 దొడ్డురకం కిందికి పోతది, బోనస్ రాదు. సర్కారు ఏ గింజకు పైసలిస్తే రైతు ఆ గింజే పెడుతడు, అది తప్పు కాదు. మరి బోనస్ ప్రకటించేటప్పుడు దోమ గురించి కూడ ఒక లెక్క వేయాలె కదా? తట్టుకునే సన్నాలు ఏవి, వాటి విత్తనం ఊర్లకు ఎంత చేరుతది అని ముందే చెప్పాలె కదా?

ఇగ యూరియా. బస్తాలు ఎక్కువైతే కర్ర మెత్తగ, పచ్చగ, రసంతోని నిండుతది. దోమ ఎక్కువ గుడ్లు పెడుతది. నాటు చిక్కగ వేస్తే మొదట్లకు గాలి, ఎండ పోవు. అది దోమకు చల్లటి ఇల్లు.

అన్నిటికన్న పెద్ద సమస్య సలహా. ఏఈవో సార్లకు ఉన్న పనుల నడుమ ప్రతి పొలం చూసుడు కాదు. అందుకే రైతు ఫోన్ల ఫోటో తీసుకొని మందుల దుకాణానికి పోతడు. దుకాణపాయన ఉద్దెర ఇస్తడు, సలహా కూడ ఆయనే ఇస్తడు. ఉద్దెర తీసుకున్నోడు ప్రశ్న అడగలేడు. రెండు మూడు మందులు కలిపి ఇస్తే కలిపే కొడుతడు. అండ్ల సింథటిక్ పైరిత్రాయిడ్ ఉంటే సాలెపురుగులు పోయి దోమ ఇంకింత లేస్తది. నేను దుకాణపోళ్లను తిడుతలేను. వాళ్లు వ్యాపారం చేస్తున్నరు. సలహాను మొత్తంగ వ్యాపారానికి అప్పజెప్పిన పద్ధతినే అడుగుతున్న.

రేపు సుడిదోమకు ఆర్ఎన్ఏ మందు వచ్చినా ఇదే దారిల వస్తది. అదే దుకాణం, అదే ఉద్దెర, ఇంకింత రేటు. బీటీ విత్తనం మొదట్ల ప్యాకెట్ 1,600 రూపాయలు దాటింది. 2006ల అప్పటి ఆంధ్రప్రదేశ్ సర్కారు కంపెనీ మీద గుత్తాధిపత్య కమిషన్‌కు పోయి కొట్లాడితేనే 750కి దిగింది. అడిగితే దిగింది, అడగకపోతే దిగేది కాదు.

మనం ఏం అడగాలె, ఏం చేయాలె

హైదరాబాద్ రాజేంద్రనగర్‌ల భారతీయ వరి పరిశోధన సంస్థ ఉన్నది. తార్నాక దిక్కు సీసీఎంబీ ఉన్నది. ఈ రెండూ కలిసి ఎండాకు తెగులును తట్టుకునే మెరుగైన సాంబమసూరిని 2008ల రైతులకు ఇచ్చినయి. మన పైసలతోని నడిచే సంస్థలకు చేతనైతదని దాంతోనే రుజువైంది. కేరళ పట్టాంబి నుంచి వచ్చిన పీటీబీ-33 అనే పాత వరిల దోమను తట్టుకునే గుణం గట్టిగ ఉన్నది. దాన్ని సన్నాలల్లకు తెచ్చే పనికి, సుడిదోమ చిన్న ఆర్ఎన్ఏల మీద పనికి పైసలు పెట్టుమని అడగాలె. ఆర్ఎన్ఏ మందు వస్తే ఏ పురుగును చంపుతది, ఏది చంపది, ఎన్ని రోజులు నిలుస్తది, రేటెంత అన్నది అమ్మకానికి ముందే తెలుగుల బయట పెట్టాలె.

అప్పటిదాక చేతుల పని ఉన్నది. రెండు మీటర్లకు ఒక 20 సెంటీమీటర్ల కాలిబాట విడిస్తే గాలి ఆడుతది. నీళ్లు నిలబెట్టకుంట మధ్యమధ్యల ఆరబెట్టాలె. యూరియా లెక్క ప్రకారమే వేయాలె. మందు కొట్టక తప్పకపోతే, పైన ఆకు మీద కాదు, మొదలు తడిసేటట్టు కొట్టాలె. దోమ కనబడంగనే కాదు, దుబ్బుకు పది దాటుతున్నయా అని లెక్కవెట్టినంకనే కొట్టాలె.

లెక్కవెట్టేటప్పుడు రెక్కలు కూడ చూడండి. ఇది ఫోన్ కెమెరాను జూమ్ చేసి చూడొచ్చు. పొట్టి రెక్కల ఆడదోమలు కనబడుతున్నయంటే అవి ఇక్కడ కాపురం పెట్టినయి, వచ్చే తరం పెద్దగుంటదని అర్థం. పొడుగు రెక్కలవి ఎక్కువైతున్నయంటే అవి మూట సర్దుకుంటున్నయి, పక్క పొలానికి కబురు పోవాలె. ఒక్కడు మందు కొట్టి గెలిచే పురుగు కాదిది. ఊరంతా దగ్గర దగ్గర తేదీలల్ల నాటు వేసుకుంటే, ఊరి వాట్సాప్ గ్రూపుల "మా మడిల దుబ్బుకు ఇన్ని, రెక్కలు ఇట్ల" అని రోజూ ఒక మాట పెట్టుకుంటే, అది ఏ డబ్బా కన్న తక్కువ కాదు.

22 అక్షరాలతోని దోమ తన పొలం లెక్క రాసుకుంటున్నది. మనకు 56 అక్షరాలున్నయి, చేతుల ఫోన్ ఉన్నది, పక్కన మనిషి ఉన్నడు. మన పొలం లెక్క మందుల దుకాణం బిల్లు మీద కాదు, మనమే రాసుకుందాం.